మిలిటరీ ఆయన పోయాక ట్రంకు పెట్టె ఎవరు తెరవాలి?

మా నాయన కర్మక్రియలు ముగిసి, చుట్టాలు ఎక్కడివాళ్లక్కడ వెళ్లిపోయాక, అమ్మ అటక మీది నల్ల ట్రంకు పెట్టెను దించమంది. మూత మీద తెల్ల పెయింటుతో ఆయన నంబరు, ర్యాంకు, పేరు. లోపల నాఫ్తలీన్ ఉండల వాసన. డిశ్చార్జి బుక్కు, పీపీఓ అనే పెన్షన్ మంజూరు పత్రం, రెండు మెడల్స్, మడతల దగ్గర చిరిగిపోతున్న ఇంగ్లీషు, హిందీ ఉత్తరాలు. నాయన ఉన్నన్నాళ్లూ ఆ పెట్టె ఆయన సొంతం. ఏ కాగితం దేనికో మాకెవరికీ తెలియదు.

"ఇప్పుడెక్కడికి పోవాల పాపా?" అని అడిగింది అమ్మ. దానికి సరైన జవాబు దొరకడానికి మాకు ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలల్లో తిరుపతి, చిత్తూరు మధ్య బస్సుల్లో తిరుగుతూ నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. నాలాగే ఇంకెవరో ఈ వారం ఒక పెట్టె ముందు కూర్చుని ఉంటారు.

సరిహద్దులో జవాను మరణిస్తే ఊరంతా, రాష్ట్రమంతా ఆ ఇంటికి కదులుతుంది. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి జనరల్ బిపిన్ రావత్‌తో పాటు మరణించినవారిలో లాన్స్ నాయక్ సాయితేజ మన ప్రాంతం వాడే, అప్పటి చిత్తూరు జిల్లా కురబలకోట మండలం. రాష్ట్ర ప్రభుత్వం ఆ కుటుంబానికి 50 లక్షల రూపాయలు ప్రకటించింది. అది జరగాల్సిందే, అందులో మరో మాట లేదు. కానీ సైన్యంలో చేరినవాళ్లలో ఎక్కువమంది అలా పోరు. నలభై ఏళ్లకు పెన్షన్‌తో ఇంటికొస్తారు. ఏ బ్యాంకులోనో, ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గరో ఇంకో ఇరవై ఏళ్లు కాపలా డ్యూటీ చేస్తారు. షుగరో, గుండె జబ్బో వచ్చి ఆస్పత్రిలో పోతారు. మాజీ సైనికుల సంఘం నుంచి నలుగురు వచ్చి పూలదండ వేసి, సెల్యూట్ చేసి వెళ్తారు. ఆ ఇంటికి రావలసిన సాయం కూడా చట్టంలో ఉంది. అయితే అది ఇల్లు వెతుక్కుంటూ రాదు. మనమే అడిగి తెచ్చుకోవాలి.

పెన్షన్ ఒకటే, రకాలు మూడు

ఫ్యామిలీ పెన్షన్ అని మనం ఒకే మాట అంటాం. లెక్కల్లో మాత్రం మరణం ఎలా జరిగిందన్న దాన్ని బట్టి అది మూడు రకాలు. యుద్ధంలోనో, ఉగ్రవాదుల చేతిలోనో మరణిస్తే ఇచ్చేది లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్. చివరిగా తీసుకున్న జీతం మొత్తం అలాగే వస్తుంది. సర్వీసు వల్ల వచ్చిన జబ్బుతోనో, డ్యూటీలో జరిగిన ప్రమాదంలోనో పోతే స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్, జీతంలో 60 శాతం. ఈ రెండూ కాని మరణాలన్నిటికీ ఆర్డినరీ ఫ్యామిలీ పెన్షన్, 30 శాతం. రిటైరై ఇంట్లో పోయిన మాజీ సైనికుల భార్యల్లో చాలామందికి వచ్చేది ఈ మూడోదే.

ఇక్కడ చాలామంది దాటేసే సంగతి ఒకటి ఉంది. ఆయన డిసేబిలిటీ పెన్షన్ తీసుకుంటూ ఉండి, ఏ జబ్బుకు ఆ పెన్షన్ ఇచ్చారో ఆ జబ్బుతోనే పోయి ఉంటే, భార్య స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్‌కు దరఖాస్తు చేసి చూడవచ్చు. ఇస్తారా లేదా అన్నది నిబంధనలను, వైద్య కాగితాలను చూసి నిర్ణయిస్తారు. అందుకే ఆస్పత్రి ఫైలు, డిశ్చార్జి సమ్మరీ, మరణ కారణం రాసిన కాగితం ఏవీ పారేయకూడదు. మా వీధిలో ఒకింట్లో దుఃఖం తట్టుకోలేక ఆయన మందులు, స్కానింగులు, ఫైళ్లు అన్నీ మూటకట్టి పాత పేపర్లవాడికి ఇచ్చేశారు. కళ్లముందు ఉంటే గుండె పిండేస్తుందని. వాళ్లను తప్పుపట్టలేను. కానీ పక్కన తెలిసినవాళ్లు ఒకరుంటే ఆ మూటను తీసుకెళ్లి తమ ఇంట్లో దాచి ఉండేవాళ్లు.

డబ్బు లెక్క ఎందుకు మారుతూ ఉంటుంది?

ఫ్యామిలీ పెన్షన్ మొదలయ్యాక ఇంటింటా వినిపించే అనుమానం "ఎవరో మా డబ్బు తినేస్తున్నారు" అని. చాలాసార్లు అది మోసం కాదు, లెక్క ఎవరూ విడమరచి చెప్పకపోవడం.

ఒక హవల్దారు చివరి బేసిక్ జీతం 40,000 అనుకుందాం. ఆయన పెన్షన్ అందులో సగం, అంటే 20,000. రిటైరయ్యేటప్పుడు అందులో సగాన్ని కమ్యూట్ చేసి ఒకేసారి పెద్ద మొత్తం తీసుకుని ఉంటే, నెలనెలా చేతికొచ్చే బేసిక్ 10,000 ఉంటుంది. కరువు భత్యం మాత్రం 20,000 మీదే లెక్కిస్తారు. కోత పెట్టిన సగం 15 ఏళ్లకు తిరిగి వస్తుంది. ఈ లోపు ఆయన పోతే, కమ్యూటేషన్ కోత భార్య పెన్షన్‌కు అంటదు. అప్పు తీర్చమని ఆమెను అడగరు. ఆమెది నేరుగా 40,000లో 30 శాతం, అంటే 12,000, దాని మీద కరువు భత్యం.

అయితే కొన్నేళ్లు ఇంకాస్త ఎక్కువే వస్తుంది. రిటైరయ్యాక పోతే, మరణించిన తేదీ నుంచి 7 ఏళ్లు లేదా బతికి ఉంటే ఆయనకు 67 ఏళ్లు నిండే తేదీ, వీటిలో ఏది ముందొస్తే అప్పటిదాకా ఎన్‌హాన్స్‌డ్ రేటు, జీతంలో 50 శాతం, ఇస్తారు. మన లెక్కలో 20,000. సర్వీసులో ఉండగానే పోతే ఈ ఎక్కువ రేటు 10 ఏళ్లు. గడువు తీరగానే అది ఒక్కసారిగా 12,000కు పడిపోతుంది. ఏడేళ్లుగా ఆ డబ్బు నమ్ముకుని పిల్లల ఫీజులు, చీటీలు, ఇంటి అప్పు పెట్టుకున్న ఆమెకు ఆ నెల ఎంత టెన్షన్ పడుతుందో ఊహించండి. తగ్గే తేదీ పీపీఓలోనే రాసి ఉంటుంది. పెన్షన్ మొదలైన రోజే ఆ తేదీని చదివించుకుని క్యాలెండరు వెనక రాసిపెట్టుకోండి.

వన్ ర్యాంక్ వన్ పెన్షన్ (ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు వాళ్లకు ఒకే పెన్షన్) సవరణలు ఫ్యామిలీ పెన్షన్‌కూ వర్తిస్తాయి కాబట్టి పాత రిటైరీల భార్యలకు అసలు అంకె పట్టికల ప్రకారం వేరుగా ఉండొచ్చు. ఎంత తగ్గినా బేసిక్ 9,000 కంటే కిందికి పోదు. భార్యకు 80 ఏళ్లు నిండితే 20 శాతం, 85కు 30, 90కి 40, 95కు 50, నూరేళ్లకు నూరు శాతం అదనంగా కలుస్తుంది. ఈ అదనం ఆగిపోయే చోటు ఎక్కువగా పుట్టిన తేదీ దగ్గరే. వెనకటి రోజుల్లో ఆడవాళ్ల పుట్టిన తేదీ ఎవరు రాశారు? రికార్డులో ఖాళీ, ఆధార్‌లో ఏదో ఒక జనవరి 1.

ఇంకొకటి. ఆయన రిటైరయ్యాక వేరే ప్రభుత్వ ఉద్యోగం చేసి, అక్కడా పెన్షన్ సంపాదించి ఉంటే, ఆమెకు రెండు చోట్ల నుంచీ ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే హక్కు ఉంది. 2012 సెప్టెంబరు 24 నుంచి ఇది అమల్లో ఉంది. ఏదో ఒకటే ఎంచుకోవాలని ఇప్పటికీ కొందరు గుమాస్తాలు చెబుతుంటారు. అది పాత మాట.

పేరులో ఉంది అసలు చిక్కు

మా ఐదు నెలల్లో మూడున్నర నెలలు మింగింది అమ్మ పేరు.

నాయన పెళ్లైన కొత్తల్లో యూనిట్‌లో ఇచ్చిన కాగితం ప్రకారం పార్ట్ టూ ఆర్డర్ వేశారు. పెళ్లి, పిల్లల పుట్టుక, ఏదైనా సరే సైన్యం రికార్డులోకి ఎక్కేది ఈ ఆర్డర్ ద్వారానే. ఆ గుమాస్తాకు తెలుగు రాదు. నాయన చెప్పింది ఆయన విన్నట్టు రాసుకున్నాడు. మన చిత్తూరు వైపు పేర్లు చూడండి. మునిరత్నమ్మ అనే పేరును ఇంగ్లీషులో ఒకరు టీ తర్వాత హెచ్ పెట్టి రాస్తారు, ఒకరు పెట్టకుండా రాస్తారు, ఒకరు ముని వేరు, రత్నమ్మ వేరుగా విడగొడతారు. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, బ్యాంకులో పొడి అక్షరాలుంటాయి, సైన్యం రికార్డులో ఇంటిపేరే ఉండదు. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, అత్తగారింట్లో పెట్టిన పేరు ఇంకొకటి. మనకు వీళ్లంతా ఒకే మనిషి. కంప్యూటరుకు నలుగురు.

పీపీఓలో భార్య పేరు ఆయన పేరుతో పాటే నమోదై ఉంటే పని తేలిక. దాన్ని జాయింట్ నోటిఫికేషన్ అంటారు. పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోతే పెద్దగా తిరగనక్కరలేదు. లేకపోతే మాత్రం దారి రికార్డ్ ఆఫీసుకు మళ్లుతుంది. ఏ రికార్డ్ ఆఫీసు అన్నది ఆయన చేసిన రెజిమెంటును బట్టి ఉంటుంది. మద్రాస్ రెజిమెంటు అయితే నీలగిరుల్లో వెల్లింగ్టన్. మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ అయితే బెంగళూరు. ఈఎంఈ, ఆర్డినెన్స్ అయితే సికింద్రాబాద్. ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్డు, సిగ్నల్స్ అయితే జబల్పూర్, మెడికల్ కోర్ అయితే లక్నో. ఎయిర్‌ఫోర్స్ వాళ్లకు ఢిల్లీ సుబ్రతో పార్క్, నేవీ వాళ్లకు ముంబై. "మిలిటరీలో చేసినాడు" అంటే చాలదు. నంబరు, ర్యాంకు, రెజిమెంటు తెలియకుండా ఏ ఉత్తరమూ సరైన గది చేరదు.

మేము మొదట నేరుగా ఉత్తరాలు రాశాం. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసును అడగమంది. ఒక బ్యాంకు శాఖలో "రికార్డ్స్ నుంచి తెచ్చుకోండి" అని కాగితాలు తిప్పి ఇచ్చారు. తర్వాత ఒక రిటైర్డ్ సుబేదారు గారు, మా నాయన స్నేహితుడు, "అట్ల కాదమ్మా, చిత్తూరులో జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసు ఉంది, దాని ద్వారా పంపితే ధ్రువీకరించిన కాగితం అవుతుంది" అన్నారు. వేర్వేరు పేర్లున్నా మనిషి ఒకరేనని అఫిడవిట్, ఆధార్, రేషన్ కార్డు, పెళ్లినాటి ఫొటో, నాయన డిశ్చార్జి బుక్కులో కుటుంబ వివరాల పేజీ. ఇవన్నీ కట్టగట్టి అక్కడి నుంచి పంపాక పని కదిలింది. ఆ మాట మొదటి వారంలోనే ఎవరైనా చెప్పి ఉంటే మూడు నెలలు మిగిలేవి.

2022 ఏప్రిల్ 4న తిరుపతి కొత్త జిల్లా అయ్యాక ఇంకో చిన్న తిరకాసు. శ్రీకాళహస్తి, చంద్రగిరి, పుత్తూరు వాళ్ల సైన్యం కాగితాల్లో జిల్లా చిత్తూరు అని ఉంటుంది, ఆధార్ మార్పించుకుని ఉంటే అందులో తిరుపతి. కంగారు పడనక్కరలేదు. ఎవరైనా అడిగితే జిల్లా విడిపోయిందని చెప్పి, పాత, కొత్త చిరునామా కాగితాలు రెండూ చూపితే సరిపోతుంది.

ఇల్లు దాటని నెలలు

ఈ సంగతి ఏ ప్రభుత్వ పత్రంలోనూ ఉండదు, కానీ మన దగ్గర అసలు ఆలస్యం ఇక్కడే మొదలవుతుంది. భర్త పోయిన ఆడమనిషి కొన్ని నెలలు గడప దాటకూడదంటారు. ఏడాది మైల అంటారు. ఎదురొస్తే అపశకునం అంటారు. పెన్షన్ కాగితాలకేమో ఆమె వేలిముద్ర కావాలి, ఆమె ఫొటో కావాలి, ఆమె సంతకం కావాలి. కొడుకు వెళ్లి నిలబడితే "అమ్మను తీసుకురండి" అంటారు. మా అమ్మను పంపడానికి మా పెద్దమ్మ ఒప్పుకోలేదు. నేను ఆమెతో గట్టిగానే మాట్లాడాను. నాయన ముప్పై ఏళ్లు ఇల్లు వదిలి మంచులో, ఎండలో నిలబడి సంపాదించిన హక్కును తీసుకోవడానికి అమ్మ బస్సెక్కితే ఆయన ఆత్మ ఎందుకు బాధపడుతుంది?

ఈ నెలల్లో తప్పకుండా చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము ఉండదు. నెల దాటితే అనుమతి కావాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా పోవాలి. సర్టిఫికెట్‌లో ఆయన పేరు సైన్యం రికార్డులో ఉన్నట్టే, అదే అక్షరాలతో రాయించండి. ఇది చాలా తిప్పలు తప్పిస్తుంది.

రెండోది, మరణవార్తను పెన్షన్ వాళ్లకు వెంటనే తెలపడం. ఆయన పెన్షన్ మరణించిన రోజుతో ఆగాలి, ఆమెది మర్నాటి నుంచి మొదలవ్వాలి. చెప్పకపోతే ఆయన పేరు మీదే డబ్బు పడుతూనే ఉంటుంది. ఇంట్లోవాళ్లు అది తమదే అనుకుని వాడుకుంటారు. తర్వాత అదంతా వెనక్కి రాబడతారు. చేయని తప్పుకు ఆమె దొంగలా తల వంచుకోవాల్సి వస్తుంది. మరోవైపు, ఆయన బతికున్న రోజులకు రావలసిన బకాయిలు ఏవైనా మిగిలి ఉంటే అవి నామినీకి వస్తాయి. వాటినీ అడగాలి.

2021 నుంచి రక్షణ శాఖ పెన్షన్లు దశలవారీగా స్పర్శ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి మారాయి. ప్రయాగ్‌రాజ్‌లోని పీసీడీఏ పెన్షన్స్ కార్యాలయం నుంచి డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది. మరణవార్తను కూడా ఆ పోర్టల్‌లోనే తెలపవచ్చు. ఇంగ్లీషు, కంప్యూటరు రాని ఆమెకు అది చీకటి గదే. కామన్ సర్వీస్ సెంటర్లలో, కొన్ని బ్యాంకు శాఖల్లో స్పర్శ్ సేవలు ఉన్నాయి. భార్యాభర్తల జాయింట్ ఖాతాలోనే పెన్షన్ పడుతుంటే, ఫ్యామిలీ పెన్షన్ కోసం కొత్త ఖాతా తెరవమని ఎవరన్నా ఒప్పుకోవద్దు. అదే ఖాతా చాలు. ఆ తర్వాత ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం మరవకూడదు. ఇవ్వకపోతే డబ్బు ఆగుతుంది.

పెన్షన్ ఒక్కటే కాదు

మందుల సంగతి వేరే దారి. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ 2003 ఏప్రిల్ 1న మొదలైంది. ఆయన సభ్యుడైతే భార్య సభ్యత్వం కొనసాగుతుంది, కార్డు మాత్రం ఆమె పేరు మీదికి మార్పించుకోవాలి. ఆయన చేరకపోయినా, ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే భార్య తానే చేరవచ్చు. క్యాంటీన్ కార్డుకు కూడా కొత్త దరఖాస్తు పెట్టాలి. జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసులో వితంతువుగా గుర్తింపు కార్డు తీసుకుంటే మిగతా వాటన్నిటికీ అదే తాళంచెవి. ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ రిటైరయ్యాక కూడా కొన్నేళ్లు వర్తిస్తుంది. ఆయన ఏ వయసులో పోయారో చెప్పి అడగండి. అడగక వదిలేసిన ఇళ్లు నాకు తెలిసే రెండున్నాయి.

పిల్లల చదువుకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ పథకం ఉంది. వృత్తివిద్యా కోర్సులు చదివే మాజీ సైనికుల పిల్లలకు, వితంతువులకు ఏటా 5,500 స్కాలర్‌షిప్‌లు ఇస్తారు. అమ్మాయిలకు నెలకు 3,000, అబ్బాయిలకు 2,500.

ఇక అసలు పెన్షనే లేని ఇళ్లు. పదిహేనేళ్లు నిండకుండా ఇంటికొచ్చిన జవాన్లలో చాలామందికి పెన్షన్ లేదు, వాళ్లు పోతే భార్యలకూ లేదు. ఊళ్లో అందరూ "మిలిటరీ వాళ్లు" అంటారు, రేషన్ బియ్యం మీద బతుకుతుంటారు. ఇలాంటివాళ్లకు రక్షణ మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుంచి జీవితాంతం నెలనెలా సాయం ఉంది. 65 ఏళ్లు దాటి, హవల్దారు లేదా అంతకన్నా కింది ర్యాంకు వాళ్లై, వేరే ఆదాయం లేకపోతే వాళ్లకూ, వాళ్లు పోతే వాళ్ల భార్యలకూ ఇస్తారు. నెలకు 4,000 ఉన్నదాన్ని 2025 నవంబరు 1 నుంచి 8,000 చేశారు. కూతురి పెళ్లికి ఇచ్చేది 50,000 నుంచి లక్షకు పెంచారు. దరఖాస్తు జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసు ద్వారానే. ఈ ఇళ్లకు ఈ కబురు మోసుకెళ్లడం కంటే పెద్ద సాయం నాకు తోచదు.

పక్కన కూర్చోవడం

"నీకేంలే అక్కా, మిలిటరీ పెన్షన్ వస్తాది" అని అమ్మతో పదిమంది అన్నారు. ధైర్యం చెప్పాలనే అన్నారు. కానీ ప్రతిసారీ అమ్మ ముఖం వాడిపోవడం చూశాను. సైనికుడి భార్య పెళ్లైన నాటి నుంచి ఒంటరిగా ఉండటం అలవాటు చేసుకుంటుంది. ఆయన సెలవు మీద వచ్చే రోజుల కోసమే బతికి, రిటైరయ్యాక ఇప్పుడు కదా కాపురం మొదలైంది అనుకుంటుంది. ఆ మిగిలిన కాపురం పోయిందని ఆమె ఏడుస్తుంటే పెన్షన్ మాట ఎందుకు? ఆయన పనిచేసిన ఊళ్ల గురించి, ఆయన తెచ్చిన కశ్మీరు శాలువా గురించి అడగండి. ఆమె చెబుతుంది. నిద్ర పట్టక, తిండి సహించక నెలలు గడుస్తుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు.

ఆ నెలల్లో వచ్చే ఇంకో రకం ఫోన్ల గురించి జాగ్రత్త. "స్పర్శ్ నుంచి మాట్లాడుతున్నాం, మీ పెన్షన్ ఆగిపోతుంది, ఓటీపీ చెప్పండి" అంటారు. ఏ ఆఫీసూ ఓటీపీ అడగదు. చెప్పేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. "ఎరియర్స్ ఇప్పిస్తాం, ఇంత శాతం ఇవ్వండి" అని ఇంటికొచ్చే మధ్యవర్తులనూ నమ్మవద్దు. జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసులో ఈ పనికి పైసా అడగరు.

బతికుండగానే

ఈ వ్యాసం చదువుతున్న మాజీ సైనికులు ఉంటే, వాళ్లతో ఒక్క మాట. ఈ ఆదివారం పెట్టె దించి భార్యను పక్కన కూర్చోబెట్టుకోండి. పీపీఓలో ఆమె పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో కలుస్తున్నాయా చూడండి. తేడా ఉంటే మీ ఒక్క సంతకంతో ఇప్పుడు సరిచేయించగలరు. మీరు పోయాక ఆమె అఫిడవిట్లు పట్టుకుని తిరగాలి.

ఇంట్లో మానసికంగానో, శారీరకంగానో వైకల్యం ఉన్న బిడ్డ ఉంటే ఇంకా తొందర పడండి. తనకాళ్ల మీద తాను నిలబడలేని బిడ్డకు తల్లిదండ్రుల తర్వాత జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వచ్చే హక్కు ఉంది. మామూలుగా పిల్లలకు 25 ఏళ్ల దాకానే, అదీ పెళ్లో సంపాదనో మొదలయ్యే వరకే. పెళ్లికాని, భర్త పోయిన, విడాకులైన కూతుళ్లకు ఆ తర్వాతా వరుస ఉంది. విడాకుల కేసు మాత్రం తల్లిదండ్రుల్లో ఒకరైనా బతికుండగా వేసి ఉండాలి. వైకల్యం ఉన్న బిడ్డ పేరును మీరు బతికుండగానే మెడికల్ సర్టిఫికెట్‌తో పీపీఓలో చేర్పించవచ్చు. పలమనేరు దగ్గర ఒక తల్లి, డెబ్బై ఏడేళ్లు, నడవలేని కొడుకును ఆటోలో చిత్తూరు తీసుకొచ్చింది. భర్త పోయి పన్నెండేళ్లు. ఆ అబ్బాయి పేరు ఏ కాగితంలోనూ లేదు. నేను, సుబేదారు గారు ఆ రోజు సాయంత్రం దాకా ఆమె కాగితాలు రాశాం. మెడికల్ బోర్డు తేదీ వచ్చింది, ఇంకా తీసుకెళ్లాలి.